అదే మనిషి మళ్ళీ లైన్లోకి వస్తే ఇవ్వాలా వద్దా? భిక్షాదాత యోహాను గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

ఏటిగట్టు_కుర్రోడు:

అందరికీ నమస్కారం అండి. మాది కోనసీమలో ఒక లంక గ్రామం, ఊరి పేరు ఎందుకులెండి. 2022 జూలై వరదప్పటి సంగతి ఇది, అప్పటినుంచీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చాక మా వీధుల్లోకి నడుంలోతు నీళ్ళొచ్చేశాయి. జనం అంతా ఏటిగట్టు మీదే. మా సంఘం కుర్రాళ్ళం కలిసి చందాలు పోగేసి ఇంటికి 5 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, ఒక నూనె ప్యాకెట్ పంచాం. పేర్లు రాసే నోటుబుక్కు నా చేతిలో ఉంది. పొద్దున్న తీసుకున్న ఒకాయన మధ్యాహ్నం తలకి తువ్వాలు చుట్టుకుని మళ్ళీ లైన్లోకి వచ్చాడు. మొహం చూస్తే నాకు తెలిసేది కాదు, సంచి కోసం చాపిన చెయ్యి చూసి పోల్చుకున్నాను. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంటుంది ఆయనకి, కొబ్బరికాయలు వలిచే పని. అంతే, "పొద్దున్న పట్టికెళ్ళావు కదా, మళ్ళీ వచ్చావా, సిగ్గులేదా" అని అందరి ముందూ గట్టిగా అరిచేశాను. ఆయన నాకంటే పాతికేళ్ళు పెద్ద. ఒక్క మాట మాట్లాడలేదు, సంచి కింద పెట్టేసి గట్టు దిగి వెళ్ళిపోయాడు. అసలు విషయం ఏంటంటే రాత్రి లెక్క చూసుకుంటే మూడు బస్తాలు మిగిలాయి.

మొన్న ఒక ఫ్రెండ్ పెళ్ళిలో భోజనాల దగ్గర పక్కన ఒక పెద్ద ఫాదర్ గారు కూర్చున్నారు. మాటల్లో ఇది చెప్పాను. ఆయన నవ్వి, "పునీత భిక్షాదాత యోహాను దగ్గరికి కూడా ఒకడు ఇలాగే వచ్చాడు, ఆయన నీలా అరవలేదు" అన్నారు. ఈలోపు పనసపొట్టు కూర వచ్చింది, తర్వాత ఆయన్ని ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయారు. మేం ప్రొటెస్టెంట్లం, మాకు పునీతుల గురించి పెద్దగా తెలీదు. నెట్లో కొడితే బాప్తిస్మమిచ్చే యోహానే వస్తున్నాడు. ఎవరండీ ఈయన? ఏం చేశాడు?

పాత_మాస్టారు:

బాబూ, నీకు కావాల్సినాయన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా పాత్రియార్కు, అంటే అక్కడి చర్చికి పెద్ద. బాప్తిస్మమిచ్చే యోహానుకీ ఈయనకీ దాదాపు ఆరు వందల ఏళ్ళ తేడా. గ్రీకులో ఎలీమోన్ అంటారు, దయగలవాడు అని అర్థం. సైప్రస్ దీవిలో అమాథూస్ అనే పట్నంలో పుట్టాడు, తండ్రి ఎపిఫానియస్ ఆ దీవికి గవర్నరు. అంటే కలిగినింటి బిడ్డ. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, భార్యా పిల్లలూ అందరూ పోయారు. ఆ తర్వాత ఉన్నదంతా పేదలకి పంచుకుంటూ బతుకుతుంటే, 610 ప్రాంతంలో హెరాక్లియస్ తూర్పు రోమా సామ్రాజ్యానికి చక్రవర్తి అయ్యాక తీసుకెళ్ళి అలెగ్జాండ్రియా పీఠం మీద కూర్చోబెట్టాడు. అప్పటిదాకా ఆయన సన్యాసీ కాదు, గురువూ కాదు.

పీఠం ఎక్కగానే చేసిన మొదటి పని ఏంటో తెలుసా? చర్చి ఆస్తులు చూసే గుమస్తాలని పిలిచి, ఊరంతా తిరిగి నా యజమానులు ఎంతమంది ఉన్నారో జాబితా రాసుకురండి అన్నాడు. వాళ్ళకి అర్థం కాలేదు, పాత్రియార్కుకి యజమానులేంటి అని. మీరు బిచ్చగాళ్ళు, పేదలు అంటారే, వాళ్ళే అన్నాడు. రాస్తే 7,500 మంది తేలారు. వాళ్ళందరికీ రోజూ ఇవ్వమన్నాడు.

ఇప్పుడు ఫాదర్ గారు చెప్పబోయిన కథ. 614లో పర్షియా సైన్యం యెరూషలేము పట్టుకుంది. అక్కడా సిరియాలోనూ జనం కట్టుబట్టలతో పారిపోయి అలెగ్జాండ్రియాకి వచ్చిపడ్డారు. ఈయన వాళ్ళకి సత్రాలు, ఆసుపత్రులు కట్టించాడు. ఒకరోజు రోగుల్ని చూడ్డానికి వెళుతుంటే ఒకడు ఎదురొచ్చి, అయ్యా బందీగా ఉండి వచ్చాను అన్నాడు. ఆరు బంగారు నాణేలు ఇప్పించాడు. వాడు గబగబా బట్టలు మార్చుకుని ఇంకో దారిన అడ్డం వచ్చి మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఆరు. పంచేవాడు చెవిలో చెప్పాడు, వాడే వీడు అని. ఈయన విననట్టే ఉన్నాడు. మూడోసారి ఇంకో వేషంలో వచ్చాడు. పంచేవాడు మోచేత్తో పొడిచాడట. అప్పుడు యోహాను, ఈసారి పన్నెండు ఇవ్వు, ఏమో, నా క్రీస్తే నన్ను పరీక్షిస్తున్నాడేమో అన్నాడు.

నీ కథలో నువ్వు ఆ మోచేత్తో పొడిచినవాడివి, బాబూ. ఏమీ అనుకోకు.

ఇంకోటి కూడా చెప్పాలి, అసలు నీకు పనికొచ్చేది ఇదే అనుకుంటాను. ఆయన కూడా ఒకసారి నీలాగే తొందరపడ్డాడు, నీకంటే ఘోరంగా. ఒక కుర్ర సన్యాసి ఒక అమ్మాయిని వెంటేసుకుని ఊళ్ళో తిరుగుతున్నాడని ఫిర్యాదు వస్తే, విచారించకుండా కొరడాలతో కొట్టించి జైల్లో పెట్టించాడు. ఆ రాత్రి కలలో ఆ సన్యాసి వచ్చి చీరుకుపోయిన వీపు చూపించాడు. పొద్దున్నే పిలిపిస్తే ఆ కుర్రాడు సరిగ్గా కదల్లేకపోతున్నాడు. తీరా చూస్తే అతను నపుంసకుడు. ఆ అమ్మాయి యూదుల పిల్ల, క్రైస్తవంలోకి వస్తానంటే తీసుకొస్తున్నాడు. యోహాను క్షమించమని అడిగి నూరు బంగారు నాణేలు ఇవ్వబోతే అతను పుచ్చుకోలేదు. అప్పటినుంచి సన్యాసుల మీద ఎవరు చాడీ చెప్పినా ఆయన వినలేదట.

మిల్లు_గుమస్తా:

మాస్టారూ, కథలు బాగున్నాయి, కాదనను. కానీ నేను ముప్పై ఏళ్ళు రైస్ మిల్లులో కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి, నాకు ఒకటే డౌటు. ఆయన వెనక చర్చి ఖజానా ఉంది, ఆరు కాదు అరవై ఇచ్చినా నడుస్తుంది. ఈ తమ్ముడి దగ్గరున్నది చందా బియ్యం. లైన్లో చివర ఒక ముసలమ్మ నిలబడి ఉంటుంది చూశారా, ముందున్నవాడు రెండుసార్లు పట్టుకుపోతే ఆవిడ దాకా వచ్చేసరికి ఖాళీ గోనె ఉంటుంది. అప్పుడు ఆవిడకి క్రీస్తు పరీక్ష అని చెప్తారా? మూడు బస్తాలు మిగిలాయంటే అది రాత్రికి తెలిసిన సంగతి, మధ్యాహ్నం రెండింటికి ఎవరికి తెలుసు?

తమ్ముడూ, నువ్వు అరవడం తప్పు. పేరు రాయడం తప్పు కాదు. ఈ రెండూ కలిపేసి టెన్షన్ పడకు.

చరిత్ర_పిచ్చి:

గుమస్తాగారు అన్నది పాయింటే, కానీ యోహాను లెక్కలేకుండా పంచేశాడు అనుకుంటే పొరపాటు. 7,500 పేర్లు రాయించినవాడు లెక్క లేనివాడెలా అవుతాడు? శరణార్థులకి కూడా రేటు పెట్టాడు. ఆసుపత్రిలో పడినవాళ్ళకి వైద్యం, నడవగలిగినవాళ్ళలో మగవాళ్ళకి తలకి ఒక కెరాటియన్, ఆడవాళ్ళకీ పిల్లలకీ రెండేసి, వాళ్ళు ఎక్కువ కష్టపడలేరు కాబట్టి. కెరాటియన్ అంటే బంగారు నాణెంలో 24వ వంతు. బాలింతల కోసం ఊళ్ళో ఏడు చోట్ల నలభయ్యేసి మంచాలతో ప్రసూతి ఆసుపత్రులు పెట్టాడు. ఏడో శతాబ్దంలో! ప్లాను లేకుండా ఇవన్నీ అవుతాయా?

ఆ పంపకాల్లోనే మీ గొడవ లాంటిదే ఇంకోటి వచ్చింది. కొందరు ఆడపిల్లలు నగలు పెట్టుకుని వచ్చి చెయ్యి చాపుతున్నారు, వీళ్ళకీ ఇవ్వాలా అని పంచేవాళ్ళు అడిగారు. ఈయనకి కోపం వచ్చింది. అడిగినవాళ్ళకి ఇవ్వమన్నాడు గానీ ఆరా తియ్యమన్నాడా, ఇదేమైనా మన సొంత సొమ్మా అని కసిరాడు. అంటే ఎంత ఇవ్వాలన్నదానికి లెక్క ఉంది, ఎవడు అర్హుడన్నదానికి మాత్రం విచారణ లేదు. ఈ తేడా నాకు చాలా ఇంట్రెస్టింగ్‌గా అనిపిస్తుంది.

డబ్బు ఎక్కడిది అన్నారు కాబట్టి అదీ చెప్తాను. అలెగ్జాండ్రియా కూడా మనలాంటి డెల్టానే, కాకపోతే నైలు నది. మనకి వరద ఎక్కువైతే ఏడుపు, వాళ్ళకి వరద రాకపోతే ఏడుపు, ఎందుకంటే నైలు పొంగితేనే పొలం తడిసేది. అక్కడి గోధుమలే ఓడల మీద రాజధాని కాన్‌స్టాంటినోపుల్ దాకా వెళ్ళేవి. చర్చికి సొంత ఓడలు ఉండేవి. ఒకసారి పదమూడు ఓడలు తుఫానులో చిక్కుకుని సరుకంతా సముద్రంలో పారబోసుకోవాల్సి వచ్చింది. మా ముత్తాతలు కోరంగి ఓడల్లో పని చేసినవాళ్ళు, ఆ దెబ్బ ఎలా ఉంటుందో మా ఇంట్లో ఇంకా చెప్పుకుంటారు.

ఒక ఏడాది నైలు పొంగలేదు. ధాన్యం రేటు ఆకాశానికెక్కింది, ఒక పక్క శరణార్థులు, ఖజానా ఖాళీ, అప్పులు కూడా చేశాడు. ఆ టైమ్‌లో ఊళ్ళో ఒక డబ్బున్నాయన, రెండు పెళ్ళిళ్ళవాడు, నన్ను డీకన్ (గురువు కింద ఉండే చర్చి పదవి) చేస్తే రెండు లక్షల మోడియల (అప్పటి ధాన్యం కొలత) గోధుమలు, 180 పౌండ్ల బంగారం ఇస్తాను అని రాశాడు. చర్చి నియమం ప్రకారం రెండో పెళ్ళివాడు డీకన్ కాకూడదు. ఊరంతా ఆకలి మీద ఉంది, చేతికి అందేంత దూరంలో ధాన్యం ఉంది. యోహాను వద్దన్నాడు. అతను వెళ్ళగానే, సిసిలీకి పంపిన చర్చి ఓడలు రెండు ధాన్యంతో రేవులోకి వచ్చాయని కబురు వచ్చిందట. ఓడలు రాకపోయుంటే ఏమయ్యేదని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆయన నిర్ణయం సరైనదేనా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

ఇంకో మాట, ఇవన్నీ ఎక్కడివి అంటే లియోంటియస్ అనే బిషప్ రాసిన జీవితచరిత్ర నుంచి. ఆయనదీ సైప్రస్‌లోని నియాపోలిస్, యోహాను పోయిన ఇరవై ఏళ్ళకి మామూలు జనం మాట్లాడే గ్రీకులో రాశాడు. భక్తితో రాసింది కాబట్టి కొంత పెంచి ఉంటాడు. ఉదాహరణకి, దివాలా తీసిన ఒక ఓడ కెప్టెన్‌కి యోహాను గోధుమల ఓడ ఇస్తే, గాలికి కొట్టుకుపోయి బ్రిటన్ చేరాడట. అక్కడ కరువు. సగం గోధుమలకి డబ్బు, సగానికి తగరం తెచ్చుకుంటే ఆ తగరం దారిలో వెండి అయిపోయిందట. వెండి సంగతి వదిలెయ్యండి, కానీ బ్రిటన్ తగరం వ్యాపారం మాత్రం ఉత్తి కథ కాదు. ఆ పశ్చిమ తీరంలో టింటజెల్ దగ్గర మధ్యధరా ప్రాంతపు కుండపెంకులు తవ్వకాల్లో బయటపడ్డాయి.

అలాగే ఈయన్ని ఈజిప్టులో అందరూ ఒప్పుకున్నారనుకోకండి. అక్కడ ఎక్కువమంది కోప్టులు, అంటే ఈజిప్టు స్థానిక క్రైస్తవులు, వాళ్ళకి వేరే పాత్రియార్కు. ఈయన చక్రవర్తి వైపు చర్చి మనిషి. తనవాళ్ళని వాళ్ళ బల్ల దగ్గర ప్రభుభోజనం తీసుకోవద్దని గట్టిగా చెప్పినవాడే. దానం దగ్గర ఉన్న వెడల్పు సిద్ధాంతం దగ్గర లేదు.

ఏటిగట్టు_కుర్రోడు:

అందరికీ థ్యాంక్సండీ. మాస్టారూ, మోచేతి మాట బాగా తగిలింది. గుమస్తాగారూ, నిజమే, నేను రెండూ కలిపేసుకున్నాను. ఒక్కటి అడుగుతాను. ఇంత పంచినాయన సొంతానికి ఎలా బతికాడు? మా దగ్గర పంచేవాళ్ళలో కొందరు సెల్ఫీల కోసమే వచ్చారు, అందుకని అడుగుతున్నా.

పాత_మాస్టారు:

దుప్పటి కథ విను. ఆయన చిరిగిన పక్క మీద పడుకుంటున్నాడని ఒక ధనవంతుడు 36 బంగారు నాణేల దుప్పటి పంపాడు. మన లెక్కలో 20 కాసుల బంగారం అనుకో. మాటిమాటికీ అడిగాడని ఆ రాత్రి కప్పుకున్నాడు గానీ నిద్ర పట్టలేదు. ఊళ్ళో ఎంతమంది చలికి ముడుచుకుని పడుకున్నారో, నూనె లేక ఎండు రొట్టె తింటున్నారో అనుకుంటూ తెల్లార్లూ గొణుక్కున్నాడట. పొద్దున్నే అమ్మించేశాడు. ఆ ధనవంతుడు బజార్లో చూసి, కొని మళ్ళీ పంపాడు. ఈయన మళ్ళీ అమ్మించాడు. ఆయన మళ్ళీ కొన్నాడు. చూద్దాం, ఎవరు ముందు అలిసిపోతారో అన్నాడట యోహాను నవ్వుతూ.

పీఠం ఎక్కేటప్పటికి ఖజానాలో 8,000 పౌండ్ల బంగారం ఉందని, పోయేటప్పటికి తన దగ్గర ఒక్క ట్రెమిస్సిస్ మిగిలిందని ఆయన వీలునామాలోనే ఉంది. అది నాణెంలో మూడో వంతు, గ్రామున్నర. ముక్కుపుడకకి సరిపోతుంది. దాన్ని కూడా పేదలకే రాశాడు.

సెల్ఫీలంటే గుర్తొచ్చింది, అన్నదానం చేసిన మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి ఫొటో ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం కోసం దొరలు అడిగితే ఆవిడ ఇష్టపడలేదని చెప్పుకుంటారు కదా.

కాకినాడ_పెద్దమ్మ:

నేను ఎప్పుడూ రాయను, చదువుతుంటాను అంతే. ఇది చూశాక రాయాలనిపించింది.

1996 నవంబరు తుఫాను గుర్తుందా ఎవరికైనా? అప్పుడు మేం ఐ.పోలవరం వైపు ఉండేవాళ్ళం. కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగి పడ్డాయి, ఇంటి కప్పు ఎటు పోయిందో తెలీదు. మూడోరోజు ట్రాక్టర్ మీద పులిహోర పొట్లాలు తెచ్చి పంచారు. నేను రెండుసార్లు తీసుకున్నదాన్ని. ముందు చీర కొంగు నెత్తి మీంచి కప్పుకుని ఒకసారి, తర్వాత కొంగు తీసేసి చంకలో పిల్లనెత్తుకుని ఒకసారి. ఇంట్లో ఎవరికో జబ్బనో, పక్కింటి ముసలాయన కోసమనో గొప్పగా చెప్పడానికి నాకేం కారణం లేదు. ఆ పూటకి మాకు చాలు. రేపు వస్తారో రారో అని భయం, అంతే. ఆ రెండో పొట్లం తెల్లారేసరికి పులిసిపోయింది, పారేశాను.

పంచే అబ్బాయి నన్ను చూశాడు, కనిపెట్టాడు కూడా, నాకు తెలుసు. పొట్లం చేతిలో పెట్టి, "పిల్లకి నీళ్ళు కాచి పట్టు అమ్మా" అన్నాడు. మొన్న కరోనాలో మా వీధిలో కూరగాయలు పంచినప్పుడు నేను ఎవరినీ రెండోసారి వచ్చావేంటని అడగలేకపోయాను. ఆ వేలు లేనాయన ఎందుకు వచ్చాడో నాకు తెలీదు బాబూ, నీకూ తెలీదు.

మిల్లు_గుమస్తా:

అమ్మా, మీరు రాసింది చదివాక నా ముసలమ్మ లాజిక్ కొంచెం వీక్ అయింది. పూర్తిగా వదలను గానీ.

పాత_మాస్టారు:

గుమస్తాగారికి నచ్చే సంగతి ఒకటి మర్చిపోయాను. యోహాను వచ్చిన కొత్తలోనే ఊరంతా ఒకే కాటా, ఒకే కొలపాత్ర ఉండాలని ఆజ్ఞ రాయించి గోడలకి అంటించాడు. ఎవడైనా కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు ఇంకో కుంచం వాడితే వాడి ఆస్తి అంతా పేదలకి పోతుందని. మా తాత చెప్పేవాడు, షావుకారు అటక మీద రెండు కుంచాలు ఉండేవని, రెండూ ఒకేలా కనపడేవని. కాబట్టి కాటా మనిషిగా మీరు ఆయనకి పనికొచ్చేవారే.

కుర్రోడా, నీకు చివరిది. నికేతస్ అని ఈజిప్టులో పెద్ద అధికారి, యోహానుకి బాగా కావలసినవాడు. పేదల మీద భారం పడే ఒక పన్ను గురించి ఇద్దరూ గట్టిగా మాటలనుకుని కోపంగా విడిపోయారు. సాయంత్రం చీకటి పడటానికి ఇంకో గంట ఉందనగా యోహాను అతనికి ఒకే ఒక్క మాట కబురు పంపాడు, అయ్యా, పొద్దు వాలబోతోంది అని. అతను వెంటనే లేచి ఏడుస్తూ వచ్చాడు. కోపం మీద సూర్యుడు అస్తమించకూడదన్న వాక్యం నీకు నేను చెప్పక్కర్లేదు, మీ సండే స్కూల్లో కంఠస్థం చేయించే ఉంటారు.

619లో పర్షియావాళ్ళు అలెగ్జాండ్రియా మీదికి వచ్చినప్పుడు ఆ నికేతస్‌తోనే ఓడెక్కి బయల్దేరాడు. కాన్‌స్టాంటినోపుల్ రమ్మంటే రోడ్స్ దీవి దాకా వెళ్ళి, నాకు పిలుపొచ్చింది అని సైప్రస్‌కి తిరిగిపోయి, పుట్టిన ఊళ్ళోనే పోయాడు. మా కాథలిక్కులకి ఆయన పండుగ జనవరి 23, తూర్పు సంఘాలవాళ్ళకి నవంబరు 12.

ఏటిగట్టు_కుర్రోడు:

మూడేళ్ళ నాటి పొద్దు మాస్టారూ, ఎప్పుడో వాలిపోయింది. అయినా నిన్న సాయంత్రం వెళ్ళాను. ఆయన ఇంట్లో లేడు, అంబాజీపేటలో వలుపు పనికి వెళ్ళాడట, ఆదివారం వస్తాడని వాళ్ళావిడ చెప్పింది. నేనెవరో ఆవిడకి తెలుసు. కూర్చోమని అరుగు మీద పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది. ఎందుకొచ్చానో చెప్పలేకపోయాను, గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను. ఆదివారం ఆరాధన అయ్యాక మళ్ళీ వెళ్తాను.

గుమస్తాగారూ, ఈసారి వరదొస్తే నోటుబుక్కు ఉంటుంది, కానీ నేను పట్టుకోను. లైన్ ఉండేది గట్టు మీదే అయినా పేర్లు మాత్రం లోపల బడిగదిలో రాద్దాం అంటున్నారు మావాళ్ళు. మీరు కాటా దగ్గర కూర్చుంటానంటే రావులపాలెం దాకా వచ్చి నేనే బండి మీద తీసుకెళ్తాను.

మిల్లు_గుమస్తా:

వస్తాను. బస్తా తూకం మాత్రం నేను చూస్తాను, అందులో ఎవరూ వేలు పెట్టకూడదు.